వాకిట నున్న లాజరు : లూకా సువార్తలోని ఒక ఉపమానముపై పరిశీలనము

తమిళులు 'కరిసల్' అని పిలుచు నల్లరేగడి నేల కోవిల్‌పట్టి నుండి విరుదునగరము వైపునకు వ్యాపించి యున్నది. ఈ నేలపై అనేక తరములుగా తెలుగు ఇంటి భాషగాను, తమిళము వీధి భాషగాను మెలగుచున్నవి. ఇచ్చటనే మూడు శతాబ్దములకు పైగా క్రైస్తవ బోధయు వినబడుచున్నది. కోవిల్‌పట్టికి సమీపమున గల కామనాయకన్‌పట్టి తన పేరులోనే ఒక నాయకుని నిలుపుకొన్న గ్రామము. అది జెసూట్ సన్న్యాసుల మధుర మిషనుకు ప్రాచీన స్థానములలో నొకటి. తమిళులు వీరమామునివరని గౌరవించు కాన్‌స్టాంజో బెస్కీ (1680–1747) అచ్చట కొంతకాలము సేవ చేసెను. కావున క్రీస్తు చెప్పిన కథలు ఈ ప్రాంతపు తెలుగువారికి, వారు ఏ మతస్థులైనను, క్రొత్తవి కావు.

ఆ కథలలో ప్రసంగ వేదికలపై తరచుగా వినబడునది లూకా సువార్త 16వ అధ్యాయములోని ధనవంతుని కథ, లాజరు కథ. పేదలకు పెట్టనివాడు శాశ్వతముగా అగ్నిలో వేగునని శ్రోతలను భయపెట్టుటకు దీనిని వినియోగించుట పరిపాటి. నేను మతశాస్త్ర పండితుడను కాను. తెలుగు పాఠము చెప్పువాడను. సిద్ధాంతమును నిర్ణయించుట నా పని కాదు. కాని యొక కథను కథగా చదువుట, అందలి మాటల బరువును తూచుట మా వృత్తిలోని పనియే. ఆ దృష్టితో చదివినప్పుడు నాకొక సంశయము కలిగినది. నరకభయముచే పెట్టిన అన్నము కరుణ యగునా? అట్టి కరుణనే ఈ కథ కోరుచున్నదా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కథలోని దోషమేది?

కథ చిన్నది. ఒక ధనవంతుడు ఖరీదైన వస్త్రములు ధరించి దినదినము విందులు చేయుచుండెను. వాని వాకిట లాజరను దరిద్రుడు ఒడలెల్ల కురుపులతో, లోపలి బల్లనుండి రాలు ముక్కలకై ఆశపడుచు పడియుండెను. కుక్కలు వచ్చి వాని పుండ్లను నాకుచుండెను. కొంతకాలమునకు ఇరువురును మరణించిరి. దరిద్రుని దేవదూతలు కొనిపోయి మూలపురుషుడైన అబ్రాహాము రొమ్మున చేర్చిరి. ధనవంతుడు పాతాళమున యాతన పడుచు, లాజరును పంపి తన నాలుక తడిపింపుమని అబ్రాహామును వేడుకొనెను. నడుమ దాటరాని అగాధమున్నదని అబ్రాహాము బదులు చెప్పెను. అంతట వాడు తన ఐదుగురు సోదరులను హెచ్చరించుటకైన లాజరును పంపుమని కోరెను. ధర్మశాస్త్రమును ప్రవక్తలును చెప్పినది విననివారు మృతుడు లేచి వచ్చి చెప్పినను విందురా యని అబ్రాహాము దానికిని ఒప్పుకొనలేదు. కథ అంతటితో ముగిసినది.

ఇందు ధనవంతుడు చేసిన పాపమేమి? వాడు దొంగిలించినట్లు లేదు. కూలివాని కూలి ఎగగొట్టినట్లు లేదు. లాజరును కొట్టించినట్లు గాని, వాకిటినుండి తరిమించినట్లు గాని లేదు. లోకదృష్టిలో వాడు మర్యాదస్థుడే. తన సొమ్ము తాను తినెను. తన బట్ట తాను కట్టెను. న్యాయస్థానమున నిలువబెట్టినచో వానిపై మోపుటకు ఒక నేరమైనను దొరకదు. కథకుడు బుద్ధిపూర్వకముగనే వానిని నేరము లేనివానిగా చూపినాడని నా అభిప్రాయము. క్రూరుని కథయైనచో వినువాడు తనకు సంబంధము లేదని తప్పించుకొనును. ఇది మర్యాదస్థుని కథ గనుక తప్పించుకొనుటకు దారి లేదు.

పాత్రల పేర్ల విషయమును గమనింపవలెను. యేసు ఉపమానములలో విత్తువాడు, గొర్రెలకాపరి, తప్పిపోయిన కుమారుడు మొదలగువారు పలువురు కలరు. వారిలో ఎవనికిని పేరు లేదు. ఈ కథలోని దరిద్రునికి మాత్రము పేరు కలదు. లోకమున ధనవంతుల పేర్లు శిలలపై చెక్కబడును. వాకిటి బిచ్చగానికి పేరున్నదని యెవరును తలపరు. ఇచ్చట ధనవంతుడు పేరు లేక, దరిద్రుడు పేరుతో నిలిచిరి. లాజరనునది ఎలియాజరు అను హెబ్రీ నామమునకు కుదించిన రూపము. దానికి దేవుడు సహాయము చేసెనని అర్థము. మనుష్య సహాయము లేనివానికి ఈ పేరు పెట్టుటలో కథకుని ఆంతర్యము స్పష్టము.

ఇంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. పాతాళమునుండి ధనవంతుడు లాజరును పేరు పెట్టి అడుగుచున్నాడు. అనగా వానికి లాజరు పేరు ముందే తెలియును. వాకిట పడియున్నవాని నెన్నడును చూడలేదని చెప్పుటకు వీలు లేదు. చూచెను, పేరును విని యెరిగియుండెను, అయినను దినదినము దాటిపోయెను. ఈ కథలోని దోషమంతయు ఆ ఎరుకలో నున్నది. మరియు యాతనలో నుండియు వాడు లాజరుతో నేరుగా మాటాడలేదు. వానిని పంపుమని అబ్రాహాముతో చెప్పుచున్నాడు. మొదట నీళ్లు తెచ్చుటకు, పిమ్మట కబురు మోయుటకు. మరణము వాని స్థానమును మార్చినది గాని చూపును మార్చలేదు. లాజరు నేటికిని వానికి పనివాడే.

ఒకనాడు తరగతిలో ఈ కథ ప్రస్తావనకు రాగా ఒక విద్యార్థి నన్నిట్లడిగెను: "అయ్యా, లాజరు మంచివాడని కథలో ఎచ్చటను లేదు గదా! పేదవాడైనంత మాత్రమున వానికి స్వర్గమెట్లు వచ్చినది?" ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము ఒక ప్రాచీన కథతో పోల్చి చూచినచో దొరకును. ఈజిప్టు దేశమున సెట్నె అను రాజకుమారుని గూర్చిన కథ యొకటి కలదు. అందు ఒక ధనవంతుని శవము గొప్ప ఊరేగింపుతో పోవుచుండగా, ఒక పేదవాని శవము చాపలో చుట్టబడి యొంటరిగా పోవును. పరలోకమున వారి స్థితులు తలక్రిందులగును. జర్మను పండితుడు హ్యూగో గ్రెస్‌మన్ 1918లో ఈ కథకును లూకా కథకును గల పోలికను చర్చించెను. పోలిక యున్నమాట నిజమే. కాని భేదమును గమనింపవలెను. ఈజిప్టు కథలో ఇరువురి పుణ్యపాపములును త్రాసులో తూచబడును. పేదవాని పుణ్యము ఎక్కువయైనందున వానికి సద్గతి కలుగును. లూకా కథలో త్రాసు లేదు. లాజరు గుణగణములను గూర్చి ఒక్క మాట లేదు. పేదవాడు మంచివాడా యని విచారించి పిమ్మట పెట్టుదమను వాదము మన నోట తరచుగా వచ్చును. ఆ వాదమునకు ఈ కథ చోటియ్యలేదు. ఆకలిగొన్నవాడు తన యోగ్యతను నిరూపింపనక్కరలేదు.

పాతాళము, అగాధము

తెలుగు అనువాదము విషయమై ఇచ్చట కొంత చెప్పవలసి యున్నది. గ్రీకు మూలమున మృతుల లోకమునకు హేడీస్ అనియు, దండనస్థానమునకు గెహెన్నా అనియు రెండు వేరు పదములు కలవు. పాత ఆంగ్ల అనువాదము రెంటికిని సాధారణముగా ఒకే మాటను వాడినది. తెలుగు బైబిలులో మొదటిది పాతాళమనియు, రెండవది నరకమనియు వేరుపరుపబడినవి. తమిళ బైబిలు కూడ ఈ కథలో పాతాళమనియే పలుకును. అనువాదకుల వివేకమునకిది నిదర్శనము.

కాని పాతాళమనగానే తెలుగువాని మనస్సున బలిచక్రవర్తి మెదలును. భాగవతము అష్టమ స్కంధమున అతడు మూడడుగుల నేల నడిగిన పొట్టివానికి సర్వమును ధారవోసి, అధోలోకములలో నొకటియైన సుతలమును చేరెను. ఆ దాత వాకిట విష్ణువే కావలి నిలిచెనని మన పురాణము. సర్వము నిచ్చినవాడును క్రిందికే పోయెను, ఏమియు నియ్యనివాడును క్రిందికే పోయెను. ఒకని వాకిట దేవుడు నిలిచెను. మరియొకని వాకిట దరిద్రుడు పడియుండెను. ఈ రెండు కథలను దగ్గరగా నుంచి చూచినచో, మనుష్యుడు చేరిన లోకముకంటె వాని వాకిలికి వచ్చినవాని నెట్లు చూచెనన్నదే ప్రధానమని తోచును. బలియు మొదట వచ్చినవాని నెరుగడు. అయినను అడిగినవానికి లేదనలేదు.

అగాధమను పదమును కూడ విచారింతము. ఇది దేవుడు క్రొత్తగా త్రవ్విన గోయి యని కొందరు తలతురు. కథ నడక వేరుగా నున్నది. భూమిమీద ఇరువురకు నడుమ ఉన్నది ఒక్క వాకిలి మాత్రమే. నాలుగడుగులు వేసిన దాటవచ్చును. లోపలివాడు ఆ నాలుగడుగులను జీవితమంతయు వేయలేదు. దినమునకొక మాపుగా ఆ దూరము పెరిగి, చివరకు దాటరానిదైనది. ఈ విధముగ చూచినచో శాశ్వత ఫలమనునది పైనుండి పడిన శిక్ష వలె గాక, మనుష్యుడు తాను పాటించిన దూరమునే తాను అనుభవించుటగా కనబడును. కథలోని భయంకరత్వము అగ్నిజ్వాలలోకంటె ఇందే హెచ్చుగా నున్నది.

ఫలాపేక్ష లేని కరుణ

ఈ కథపై రెండు ఆక్షేపణలు కలవు. మొదటిది, పేదవానికి పరలోకమున సుఖము కలదని చెప్పుట వలన ఇహలోకమున వానిని వాకిటనే విడిచిపెట్టుటకు సాకు దొరకునని. అట్టి దుర్వినియోగము చరిత్రలో జరిగినమాట వాస్తవమే. అయితే ఈ కథ చెప్పబడినది లాజరుతో కాదు. లూకా చెప్పిన సందర్భమున దీనిని వినుచున్నవారు ధనాపేక్ష గల పరిసయ్యులు. పేదవానిని ఓదార్చి ఊరకుండుమని చెప్పుట కథకుని ఉద్దేశము కాదు. లోపలివానిని లేపుట యుద్దేశము.

రెండవ ఆక్షేపణ బలమైనది. నరకమును తప్పించుకొనుటకై పెట్టు భిక్ష వ్యాపారమే యగును. పేదవాడు అందు సరకు. ఈ ఆక్షేపణకు మత్తయి సువార్త 25వ అధ్యాయమున సమాధానము కలదు. అచ్చట తీర్పుదినమున రాజు కొందరిని పిలిచి, తాను ఆకలిగొన్నప్పుడు వారు అన్నము పెట్టిరని మెచ్చుకొనును. వారు ఆశ్చర్యపడి, అట్లు తామెప్పుడు చేసితిమని అడుగుదురు. మిక్కిలి అల్పులకు చేసినది తనకు చేసినదే యని రాజు చెప్పును. రెండవ పక్షమువారును అట్లే ఆశ్చర్యపడుదురు. ఆ అధ్యాయము చివర నిత్యశిక్ష, నిత్యజీవము రెండును చెప్పబడినవి. వానిని కప్పిపుచ్చుట విమర్శకునికి తగదు. కాని జీవమును పొందినవారు దానిని ఆశించి పెట్టినవారు కారు. తాము దేవునికి పెట్టుచున్నామని వారెరుగరు. ఎదుట ఆకలిగొన్నవాడున్నాడు, పెట్టిరి; అంతియే. లెక్క వ్రాసికొన్నవాడు ఆ పక్షమున ఒక్కడును కనబడడు. కావున భయముచే పెట్టినది ఈ బోధకు చాలదని నా మొదటి ప్రశ్నకు సమాధానము.

మన సాహిత్యమున ఇట్టి కరుణకు పరాకాష్ఠ రంతిదేవుడు. భాగవతము నవమ స్కంధమున అతని కథ కలదు. నలువదియెనిమిది దినములు నీరైన లేక యున్న ఆ రాజునకు కొంత ఆహారము లభింపగా అతిథులు ఒకరి వెంట నొకరు వచ్చిరి. విప్రునికి పెట్టెను, శూద్రునికి పెట్టెను, కుక్కలతో వచ్చినవానికి ఆ కుక్కలతో కూడ పెట్టెను. మిగిలిన నీటిని దప్పిగొని వచ్చిన కడజాతివానికి పోసెను. లాజరు కథలోను కుక్కలు కలవు. అచ్చట వానిపాటి కనికరమైన లోపలివానికి లేదు. రంతిదేవుడు ప్రతిఫలముగ సిద్ధులను గాని మోక్షమును గాని కోరలేదు. ప్రాణుల దుఃఖము తీరుటయే కోరెను. తిరుక్కురళ్ 23వ అధికారమైన 'ఈగై'యందును, ఈవికి పరలోకమును కారణముగ చూపనక్కరలేదను భావమున్నది. కామనాయకన్‌పట్టిలో సేవ చేసిన బెస్కీయే కురళ్ మొదటి రెండు భాగములను లాటిను భాషలోనికి మార్చెను. పరలోకమును బోధింప వచ్చినవాడు ఈ గ్రంథమును ప్రేమించెననుట గమనింపదగినది.

కరవునాటి సాక్ష్యము

బోధ ఆచరణలో నెట్లుండెనో చూచుటకు తెలుగుదేశపు చరిత్రనుండి ఒక ఘట్టమును తీసికొందము. 1876–78 నాటి మహాకరవున మద్రాసు రాజధాని అంతయు అల్లాడినది. అప్పుడు ఒంగోలున అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ (1836–1910) ఉండెను. అతడు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి ఇప్పించెను. పనికి వచ్చినవారిలో మాదిగలు అసంఖ్యాకులు. వేలకొలది జనులు బాప్తిస్మము కోరుచు వచ్చుచుండగా, అతడు సుమారు పదునైదు మాసములు ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కూటికై మతమును స్వీకరించిరను మాట రాకూడదని అతని తలంపు. సహాయ కార్యము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ నదీతీరమున వెల్లంపల్లి వద్ద 2222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి.

ఈ ఘట్టముపై భిన్నాభిప్రాయములు కలవు. ఆకలినాడు పొందిన సహాయపు ఋణము మరునాడు మనస్సును త్రిప్పదా యని సంశయించువారు కలరు. ఆ సంశయమును పూర్తిగా తోసివేయలేము. అయినను ఆ పదునైదు మాసముల విరామము విలువైనది. నిత్యజీవమును బోధించుటకే సముద్రములు దాటి వచ్చినవాడు, అన్నము పెట్టుచున్నంత కాలము ఆ బోధకు ఫలమును చేత పట్టుకొనక నిలిపెను. అన్నమునకు ఆత్మ వెల కాదని అతని చేత చెప్పినది.

మతప్రసక్తి లేక వాకిలి తెరచిన ఉదాహరణము మనకు సమీపముననే కలదు. విరుదునగరమున 1903లో జన్మించిన కామరాజు ముఖ్యమంత్రిగా నుండగా 1956లో మద్రాసు రాష్ట్రమున బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకము మొదలైనది. కోవిల్‌పట్టి ప్రక్కనున్న ఎట్టయపురమునుండియే అది ఆరంభమైనదని ఈ ప్రాంతమువారు గర్వముతో చెప్పుకొందురు. తరగతిలో ఆకలితో కూర్చున్న పిల్లవానికి పాఠమెక్కదని తెలిసిన ప్రతి ఉపాధ్యాయునికిని ఆ పథకము విలువ తెలియును. అన్నమునకు ముందు ఆ పిల్లవాని యోగ్యతను ఎవరును అడుగలేదు.

మన వాకిలి

లూకా కథలో లాజరు ఒక్క మాటయైన మాటాడడు. ధనవంతుడు మాటాడును, అబ్రాహాము మాటాడును; లాజరు మౌని. తెలుగు సాహిత్యమున ఆ మౌనమును భగ్నము చేసినవాడు గుర్రం జాషువ (1895–1971). వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టి, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును పొందిన ఈ కవి, 1941 నాటి 'గబ్బిలము'న ఒక నిరుపేద అరుంధతీ సుతుని కథానాయకునిగా నిలిపెను. గుడిలోనికి పోవ వీలులేని అతడు, గుడిలో వ్రేలాడుటకు అడ్డులేని గబ్బిలము ద్వారా శివునికి తన మొర పంపుకొనును. లూకా కథలో లోపలివాడు లాజరును దూతగా పంపగోరెను. జాషువ కావ్యమున వెలుపలివాడే తన దూతను పంపుచున్నాడు. మరణానంతర సుఖమును అతడు కోరడు; ఈ లోకముననే మనిషిగా గుర్తింపబడవలెనని కోరును. లాజరుకు నోరు వచ్చినచో ఏమి పలుకునో వినగోరువారు ఈ కావ్యమును చదువవలెను.

ఈ కావ్యము కోవిల్‌పట్టి, విరుదునగరపు తెలుగువారికి దూరపు కథ కాదు. మన గ్రామములలో అరుంధతీయులు తరతరములుగా మన పొలములలో పనిచేసిరి, మనకు చెప్పులు కుట్టిరి, మన బావులకు తోలుసంచులు కుట్టి యిచ్చిరి. వారిలో అనేకుల ఇంటి భాష తెలుగే. మన ముంగిట నిలిచినవారు మన భాషనే పలుకుచు నిలిచిరి. వారి పేర్లు మన పెద్దలకు తెలియును. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల కోటాలో మూడు శాతమును అరుంధతీయులకు ప్రత్యేకముగ కేటాయించుచు చట్టము చేసినది. 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీము కోర్టు అట్టి ఉపవర్గీకరణము చెల్లునని తీర్పు చెప్పినది. ప్రభుత్వమును న్యాయస్థానమును వారిని గుర్తించినవి. మన మాట ఏమి? తెలుగు భాష ఇచ్చట క్షీణించుచున్నదని, బడులలో తెలుగు చదువు పిల్లలు తగ్గిరని మనము సభలలో విచారపడుదుము. ఆ సభలకు అరుంధతీయులను పిలిచితిమా? ఇంటిలో ఇంకను తెలుగు నిలుపుకొన్న వారి పిల్లలను మన తరగతులకు రమ్మని అడిగితిమా? మన సంచికలలో వారి పాటలకును కథలకును ఎన్ని పుటలిచ్చితిమి? ఈ ప్రశ్నలను ఇతరులకంటె ముందు నన్ను నేను అడుగుకొనుచున్నాను. నా జవాబు నాకు తృప్తికరముగ లేదు.

మనమును ఒకనాడు ఒకరి వాకిటికి వచ్చినవారమే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టి, తెలుగు ఇంటిభాషగా పెరిగి, తమిళమున వ్రాసిన కి. రాజనారాయణన్ (1923–2021) తన 'గోపల్ల గ్రామము' నవలలో (1976) తెలుగువారు ప్రాణమానములను కాపాడుకొనుటకై దక్షిణమునకు తరలివచ్చిన వృత్తాంతమును చెప్పెను. ఆశ్రయము కోరి వచ్చినవారికి ఈ నల్లరేగడి నేల చోటిచ్చినది. చోటు పొందినవాని సంతతి చోటిచ్చుటకు వెనుదీయరాదు.

ధనవంతుడు తన సోదరులు ఐదుగురిని హెచ్చరింపుమని వేడుకొనెను. వారు ఆ కథ చివరనుగూడ ఇంకను బ్రదికియే యున్నారు. వారి వాకిటను ఎవరో ఒకరు పడియుందురు. వారి అగాధము ఇంకను నాలుగడుగుల దూరమే. వారేమి చేసిరో కథకుడు చెప్పలేదు. పరలోక విషయమున పాఠకులు ఏ విశ్వాసము కలవారైనను, ఆ ఐదుగురిలో మనమెవరమో నిర్ణయించుకొనుట ఇహలోకపు పనియే. ఈ వ్యాసమున లోపములున్నచో విజ్ఞులు సవరింతురు గాక.